పేరు దగ్గరి అతుకు

ఏటవతలి బస్సు రావడానికి ఇంకో గంట పడుతుందని చెప్పి కంట్రోలరు కుర్చీలో వెనక్కి వాలాడు. గంటంటే ఎంత, రెండు టీలు, నాలుగు ఆవలింతలు, ఓ పదిసార్లు మైకు మీట నొక్కడం, అంతేగా అని మైకక్క తనకు తానే సర్దిచెప్పుకుంది గానీ, కళ్లు పదే పదే గోడ గడియారం మీదికే పోతున్నాయి. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఆమెకు లేకపోలేదు, కాకపోతే బస్టాండులో అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా బతికి లేదు. డ్రైవర్లకు, కండక్టర్లకు, టీ కొట్టు ముసలాయనకు, ఆఖరికి మెట్లు ఊడ్చే ఆవిడకు కూడా ఆమె మైకక్కే. ప్లాట్‌ఫారాల కంటే కొంచెం ఎత్తులో, మూడు వైపులా గాజు పలకలున్న ఇరుకు గది ఆమెదీ, కంట్రోలరుదీ. బల్ల మీద మైకు, మైకు మూతికి ఎలుక కొరికినట్టు చిరిగిన స్పాంజి, పక్కన మీట నొక్కితే వెలిగే ఎర్రదీపం, బల్ల కింద... బల్ల కిందికి చూడకూడదనుకుంటూనే చూసింది. పొద్దున వచ్చీ రాగానే అక్కడున్న పాత వైర్లూ, నోరు పోయిన స్పీకరూ, ఎవరెవరో మర్చిపోయిన గొడుగులూ మూలకు నెట్టి ఒక సంచి పట్టేంత చోటు ఖాళీ చేసింది. ఆ ఖాళీ ఇప్పుడు నోరు తెరుచుకుని కూర్చుంది. కాలు చాపితే పాదానికి చల్లగా తగులుతోంది, నూతిగట్టు మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసినట్టు.

ఆ సంచి తెచ్చేది, ఫోనులో పరిచయమై గొంతుతోనే దగ్గరైనవాడి అక్క. పొద్దున వాయిస్ మెసేజీలో అతనే చెప్పాడు. సాయంత్రం ఏటవతలి బస్సులో మా అక్క దిగుతుంది, ఎర్ర శాలువా కప్పుకుని ఉంటుంది, సంచి తీసుకుని నీ గదిలో పెట్టు, చీకటి పడ్డాక నా స్నేహితుడు వచ్చి నా పేరు చెబుతాడు, అతని చేతికివ్వు, పాపం మా అక్కకి మనసు బాగోలేదు, ఏదేదో చెబుతుంది, నమ్మకు, ఎక్కువ మాట్లాడించకు, ఈ పనికి నిన్ను తప్ప ఎవర్ని అడగను చెప్పు, ఇదొక్కటీ అయిపోతే వచ్చేస్తాను, ఇక మనిద్దరమే. ఆ గొంతు, దాన్ని ఏమనాలి, ఎండలో నడిచొచ్చినవాడికి కుండలో నీళ్లు వంచుతున్న చప్పుడులాంటి గొంతు. మెసేజీని రెండోసారి విన్నది, మూడోసారి విన్నది, నాలుగోసారి వినబోయి ఆగింది. ఎందుకాగావు అని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబుంది. జవాబు ఉండబట్టే ఆగింది.

మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. దయచేసి వినండి, కొండవైపు వెళ్లే బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. గాజు అవతల బెంచీల మీదున్న జనం ఒక్క కుదుపున లేచారు, మూటలు సర్దుకున్నారు, చంకల్లో పిల్లల్ని పైకెగదోసుకున్నారు, మూడో ప్లాట్‌ఫారం వైపు కదిలారు. ఒక్కరు కూడా అడగలేదు, ఎవరమ్మా ఇది చెప్పింది, ఎక్కడుంది, మూడేనని రుజువేంటి అని. ఇన్నేళ్ల కొలువులో ఒక్కరూ అడగలేదు. ఆమె మూడంటే మూడు, ఐదంటే ఐదు. పెళ్లాం మాట మీద నమ్మకం లేని మగవాళ్లు, దేవుడి మాట మీద నమ్మకం లేని చదువుకున్నవాళ్లు కూడా ఎన్నడూ మొహం చూడని ఈ ఆడమనిషి గొంతు వినబడగానే లేచి నడుస్తారు. కనుక అతను తన మొహం చూపించలేదన్నది ఆమెకు ఒక లోటుగానే తోచలేదు. ఫోటో అంటూ ఒకటి పంపాడు, సగం కట్టిన వంతెన మీద టోపీ పెట్టుకుని వీపు తిప్పి నిలబడ్డ మనిషి, వంతెనలు కట్టే ఇంజినీరునని, ఊళ్లకు దూరంగా పనులు గనక ఫోను మాటలకు అందదని, మెసేజీలైతే ఎప్పుడో ఒకప్పుడు దూకిపోతాయని చెప్పాడు. ఈ వైపు తిరిగి ఒకటి పంపు అని ఆమె అడగలేదు. ఇంకెవరైనా అయితే అడిగేవాళ్లు. గొంతు అబద్ధం చెబితే బస్సు తప్పిపోతుంది, కాబట్టి గొంతు అబద్ధం చెప్పదు, ఇది ఆమె బతికిన న్యాయం. నా మొహం చూడకుండా ఊరంతా నన్ను నమ్మడం లేదా, మరి నేను ఒక్కణ్ని నమ్మితే తప్పేంటి?

మొహాలను నమ్మిన కాలమూ ఒకటుంది. కట్టుకున్నవాడిది చూడముచ్చటైన మొహం, నవ్వితే బుగ్గ మీద గుంట పడేది, ఆ గుంటలో పడి నాలుగేళ్లు లేవలేదు తను. ఒక మధ్యాహ్నం ఉప్పు తెస్తానని చొక్కా తొడుక్కుని వెళ్లాడు, అంతే. ఆ ఉప్పు ఇంకా దొరికినట్టు లేదని ఇంట్లో తోడుంటున్న పిన్ని ఇప్పటికీ అంటుంది, కూరలో ఉప్పు తక్కువైనప్పుడల్లా అంటుంది. మొదట్లో ఆ మాటకి ఏడుపొచ్చేది, తర్వాత కోపం, ఇప్పుడు నవ్వు కూడా రావడం మానేసింది. మొహం చూసి మోసపోయిన మనిషి మొహం లేనివాడి దగ్గర భద్రంగా ఉంటాననుకుంది, ముల్లు గుచ్చుకుందని చెప్పులు వదిలేసి నడిచినట్టు.

కంట్రోలరు టీ తెప్పించాడు. ఆమె గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. ఆయన గ్లాసు అంచు మీదుగా ఆమెను చూసి, ఈమధ్య మైకక్క ఎక్కడో దారిలో దిగిపోయింది, బస్సు మాత్రం వచ్చి ఇక్కడాగుతోంది అన్నాడు. ఆమె నవ్వినట్టు పెదాలు కదిపింది. మంచి మనిషి, నోరు కాస్త దురుసు. అతనికి కూడా ఒకసారి ఈయన గురించి చెప్పింది, మా కంట్రోలరు మంచివాడు అని నవ్వుతూ మెసేజీ పంపింది, ఆ రోజు ఏం చెప్పినా నవ్వుతూనే చెప్పింది. అతనితో పరిచయం అయిందే పాటల వల్ల. ఫోనులో పాటలు పాడుకునేవాళ్ల గుంపు ఒకటుంటే, ఒక ఆదివారం, ఇంట్లో కారే చూరు కింద గిన్నెలు సర్దుతూ, ఏదో పాత పాట పల్లవి పాడి పెట్టింది. ఆ సాయంత్రమే అతను పలకరించాడు. పాట బాగుందనలేదు. పల్లవి తర్వాత ఒక్క క్షణం ఆగారు చూడండి, అక్కడ ఎవరు గుర్తొచ్చారు అని అడిగాడు. ఎవరు అడిగారు అలా, పుట్టాక ఎవరైనా అడిగారా?

పిన్ని మొగుడు పశువుల బేరగాడు. ఆయన పోయి చాలాకాలమైనా ఆయన నేర్పిన లోకజ్ఞానమంతా పిన్ని నాలుక మీద కాపురముంటోంది. అసలైన బేరగాడు తన గేదె మంచిదని చచ్చినా చెప్పడే, అనేది పిన్ని, నీకెలాంటి గేదె కావాలమ్మా అని అడుగుతాడు, అడిగి చెవులప్పగిస్తాడు, నువ్వు చెప్పుకుంటూ పోతావు, సాధువై ఉండాలి, తన్నకూడదు, దూడ ఉన్నా లేకపోయినా పాలు చేపాలి అని, నువ్వు చెప్పినవన్నీ ఒక్కొక్కటీ తీసి తన గొడ్డు మీద కప్పుతాడు, చివరికి నువ్వు కొనేది గేదెను కాదు, నీ మాటల్నే. ఈ కథ పిన్ని ఎన్నిసార్లు చెప్పిందో. ఇవాళ ఎందుకు చెవిలో పోరుతోంది? ఒంటరిగా తినడం ఇష్టముండదని మొదట తనే చెప్పింది, ఆ తర్వాతే అతనికీ ఉండదని తెలిసింది. గట్టిగా మాట్లాడే మగవాళ్లంటే భయమని తనే చెప్పింది, మర్నాటినుంచి అతని గొంతు ఇంకాస్త కిందికి దిగింది. ఇల్లు కారుతోందని, పైకప్పుకి కొంత కూడబెట్టుకున్నానని, అదీ తనే చెప్పింది. పనివాళ్లకు కూలి ఆగిపోయిందని, నలుగురి ఉసురు తగులుతుందని అతను బాధపడ్డాడు. అడగలేదు. నోరు తెరిచి ఒక్కసారీ అడగలేదు, తనే తీసుకోమని బతిమాలింది, వద్దంటుంటే కోప్పడింది కూడా. పైకప్పు మీద ఇప్పుడు నీలం పట్టా కప్పి నాలుగు మూలలా ఇటుకలు పెట్టి ఉంది. గాలేస్తే పట్టా కొట్టుకుంటుంది, పిన్ని పడుకుని పైకి చూస్తుంది. మేస్త్రీ రావట్లేదా, రానివ్వట్లేదా అని మొన్న అడిగింది. మైకక్క లేచి చూరు కింద నిండిన గిన్నె మార్చింది. పిన్ని ఇంకేం అడక్కుండా గోడవైపు తిరిగింది, ఆ తిరగడంలో అంతా ఉంది.

మీట. ఎర్రదీపం. దయచేసి వినండి. నోటికి దాని పని అది తెలుసు, మనసు అక్కర్లేదు. గాజు మీద మొదటి చినుకు పడి జారింది. మూలన దుప్పటి కప్పుకుని యంత్రం కూర్చునుంది, దాన్ని చూసినప్పుడల్లా తన శవం పక్కన తనే కూర్చున్నట్టుంటుంది. పోయిన వేసవిలో పై ఆఫీసువాళ్లు ఇక మనిషి అక్కర్లేదు, యంత్రం చెబుతుందన్నారు. అయితే యంత్రానికి గొంతు కావాలిగా, నీదే ఇచ్చిపో అన్నారు. గోడలకు పరుపులు కట్టిన ఒక గదిలో కూర్చోబెట్టి ఊళ్ల పేర్లన్నీ విడివిడిగా చెప్పించారు, అంకెలు విడిగా, బయలుదేరును విడిగా, ఆలస్యముగా విడిగా. రికార్డింగు ఆయన చాలా మర్యాదస్తుడు. అక్కా, పేరు చెప్పేటప్పుడు అందులో మీరుండకూడదు అన్నాడు, ఎత్తొద్దు, దించొద్దు, నవ్వొద్దు, బల్ల మీద గ్లాసు పెట్టినట్టు పెట్టి చెయ్యి తీసేయండి, అప్పుడే అది ఏ మాట పక్కనైనా అతుకుతుంది. నేర్చుకుంది. ఊపిరి ఎక్కడ కోస్తారో, ఎక్కడ కలుపుతారో కూడా చూసింది. యంత్రం వచ్చింది, తొలి వానకే గొంతు పట్టేసింది, బాగుచేసేవాడు రేపు మాపు అంటున్నాడు, దానికి జలుబున్నన్నాళ్లు ఈమెకు జీతముంది. అయితే ఆ పరుపుల గది ఒక రోగం అంటించి పంపింది. అతుకు వినబడే రోగం. రేడియోలో, ఫోను కంపెనీ ఆడమనిషి మాటల్లో, ఎక్కడ రెండు మాటలు కలిపి కుట్టారో అక్కడ ఆమె చెవికి గోరు తగిలినట్టు తగులుతుంది.

అతని మెసేజీల్లో కూడా తగిలింది. మొదటిరోజే. తిన్నావా, అంటాడు, తర్వాత ఆమె పేరు, తర్వాత నువ్వు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఆ పేరుకు అటూ ఇటూ దారమంత సన్నటి చోటు, ఊపిరి లేని చోటు. ప్రేమ ఎక్కువై గొంతు పూడుకుందేమో అనుకుంది. వంతెన మీద గాలేమో అనుకుంది. ఫోను పాతదేమో అనుకుంది, చెవిదే తప్పేమో అనుకుంది, ఎన్ని సాకులు, దొంగకు తనే నిచ్చెన వేసి, జారకుండా కింద తనే పట్టుకుంది. పిన్ని పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి ఒక్కో రాగం, కోపంలో సాగదీసి, జ్వరంలో సగం మింగి, పొయ్యి దగ్గర్నుంచి అయితే గరిటె చప్పుడుతో కలిపి. ఇన్నేళ్లలో రెండుసార్లు ఒకేలా పిలవలేదు. అతను మాత్రం మొదటిరోజు ఎలా పిలిచాడో పొద్దున్నా అలాగే పిలిచాడు, ఒకే అచ్చులోంచి తీసిన ఇటుకల్లా. బల్ల మీద గ్లాసు పెట్టి చెయ్యి తీసేసినట్టు. అందుకే నాలుగోసారి వినలేదు. ఆ పేరు తీసేస్తే మిగిలిన మాటలన్నీ ఎవరికైనా సరిపోతాయి. తిన్నావా, ఎవరికైనా సరిపోతుంది. నిద్ర పట్టలేదు, ఎవరికైనా. ఇక మనిద్దరమే, ఎవరికైనా. ఎంతమందికి?

వద్దు, అటు పోకు. ఎరను చూస్తున్న చేపకు గాలం కనబడదంటారు, అబద్ధం, కనబడుతుంది, కనబడ్డా ఎర వైపే ఈదుతుంది, ఆకలి అలాంటిది. ఇప్పుడు అతను లేకపోతే సాయంత్రాలు ఏం చేసుకోవాలి, చూరు కింద గిన్నెల్లో చుక్కలు పడడం వింటూ కూర్చోవాలి. సంచి తీసుకుని పెడితే పోయేదేముంది, తను తెరిచి చూడదుగా, ఎవరిదో ఎవరికో ఇస్తుంది, బస్టాండులో రోజూ జరిగేదేగా. టీ గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టేసింది. మరి ఆ పేర్లెందుకు అడిగాడు?

ఆ పేర్లు. ఆ సంగతి మీద మూత పెట్టి ఎన్నాళ్లయింది. ఆడపిల్లల కోసం ఒక వసతి గృహం కట్టిద్దామనుకుంటున్నాను, నీ గొంతుతో వింటే ఏ పేరు బాగుంటుందో తెలుస్తుంది అని బోలెడు ఆడపేర్లు పంపాడు. మురిసిపోతూ చదివి పంపింది. ఎలా చదివింది? ఎత్తలేదు, దించలేదు, నవ్వలేదు. తన కొలువు పనిలాగే చదివింది, పరుపుల గదిలో నేర్చినట్టు, ఏ మాట పక్కనైనా అతికేట్టు. ఆ తర్వాత ఒకరోజు, సరదాగా, మా అక్కలా మాట్లాడు చూద్దాం అన్నాడు, కంగారు పడకు అను, నేనున్నానుగా అను, సంచి నాకివ్వు అను. అన్నది. నవ్వుకుంటూ అన్నది. ఏ గృహమూ లేవలేదు, ఆ పేర్ల ఊసు మళ్లీ రాలేదు. ఆ పేర్లన్నీ ఎక్కడికి పోయాయి? ఇన్నాళ్లు తను అతని గొంతులోని అతుకు వింటూ కూర్చుంది గానీ, తన గొంతును ఎవరు కోస్తున్నారో, ఏ ఇళ్లలో ఏ ఆడవాళ్ల చెవుల దగ్గర కుడుతున్నారో ఆలోచించలేదు.

వచ్చేసిందమ్మా మీ ఏటవతలి మహారాణి, అన్నాడు కంట్రోలరు.

వానలో తడిసిన బస్సు కీచుమంటూ ఆగింది. మైకక్క మీట నొక్కి బస్సు వచ్చిందని చెప్పింది. మామూలుగా చెప్పే మాటలే. దిగుతున్నవాళ్లలో ఎవరూ పైకి చూడలేదు, దిగేవాళ్లకు మైకుతో పని ఉండదు. ఒక్క ఎర్ర శాలువా మాత్రం మెట్టు మీదే ఆగిపోయింది, తలెత్తి స్తంభం మీది స్పీకరును చూసింది. చూసి నవ్వింది. తెలిసినవాళ్లు కేకేస్తే తిరిగి చూసి నవ్వినట్టు నవ్వింది. ఎన్నడూ చూడని మనిషి, మైకక్క గొంతును గుర్తుపట్టింది.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. కళ్లద్దాల మీద వాన చుక్కలు, గుండెకు హత్తుకున్న గుడ్డసంచి, దాని మీద శాలువా కొంగు. మనసు బాగోలేని మనిషిలా లేదు, పరీక్షకు బాగా చదువుకుని వచ్చిన పిల్లలా ఉంది. కిటికీ దగ్గరకొచ్చి, గాజులో మాటలకోసం చేసిన గుండ్రటి కంతలోకి వంగింది.

“మీరే కదూ వదినా, ఆయన అక్కగారు? బస్సు దిగుతూనే గుర్తుపట్టాను. రోజూ వినే గొంతేగా.”

“రోజూనా?”

“ఆయన పంపుతారుగా. నాకు భయమేసినప్పుడల్లా మీదే పెట్టుకుని వింటాను.”

సంచి చంకలో ఇరికించుకుని, తడిచేత్తో ఫోను తీసి నొక్కి కంత దగ్గర పెట్టింది. ఫోనులోంచి మైకక్క మాట్లాడింది. ముందు ఒక పేరు, ఈ శాలువా ఆవిడ పేరే అయి ఉండాలి, చదునుగా, బల్ల మీద పెట్టిన గ్లాసులా. దారమంత చోటు. కంగారు పడకు. మళ్లీ దారం. తమ్ముడు, దారం, మంచివాడు. ఆ చివరి మాటలో నవ్వుంది. కంట్రోలరు మంచివాడని చెప్పిన రోజు నవ్విన నవ్వు, ముందూ వెనకా కోసి తెచ్చి ఇక్కడ కుట్టారు. చనిపోయినవాళ్ల నోరు ఎవరో కదిలిస్తున్నట్టు ఉంది.

“అన్నీ ఇందులోనే ఉన్నాయి వదినా,” అంది ఎర్ర శాలువా, సంచి కిటికీ కింది సందులోంచి తోస్తూ. “అమ్మ బంగారు వస్తువులు కూడా. ఇక నాకు మీరూ ఆయనే.”

సంచి చెవులు మైకక్క చేతికి తగిలాయి. పట్టుకుంది కూడా. బరువు తెలిసింది, ఇంత బరువు ఒళ్లో పెట్టుకుని ఎంతదూరం కూర్చుని వచ్చిందో, కిటికీలోంచి ఏట్లో నీళ్లు చూసుకుంటూ ఏమేం కలగందో, అదీ తెలిసింది, ఎందుకంటే ఆ కలల్లో ప్రతిదీ తనూ కన్నదే. బల్ల కింద ఖాళీ చల్లగా పాదాన్ని నాకింది. పెట్టేస్తే రాత్రికి మెసేజీ వస్తుంది, తిన్నావా అని. పెట్టకపోతే ఇక రాదు, ఎప్పటికీ రాదు. పైకప్పు తిరిగి రాదు, అతను రాడు, వచ్చేది లోకం నోరొక్కటే. సంచి వెనక్కి తోసింది.

“ఇది తీసుకుని వచ్చిన బస్సులోనే వెళ్లిపో తల్లీ. నాకు తమ్ముడు లేడు. నిన్ను మోసం చేస్తున్నారు, నన్నూ చేశారు.”

ఎర్ర శాలువా ఉలిక్కిపడలేదు. తల పక్కకు వంచి, జాలిగా, జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు చూసింది.

“ఆయన చెప్పారు వదినా, మీరిలా అంటారని. మనసు బాగోలేదటగా. ఏదేదో చెబుతారు, నమ్మకు, ఎక్కువ మాట్లాడించకు అన్నారు.”

ఆ మాటలు ఆ వరసలోనే, పొద్దున తన చెవిలో పడ్డ మాటలు. ఎంత నిదానంగా కట్టాడు వంతెన, నిజంగా ఇంజినీరే. రెండు గట్లనూ కలపకుండా కట్టాడు, ఒక గట్టు మీదివాళ్ల మాట రెండో గట్టుకు పిచ్చిగా వినబడేట్టు కట్టాడు. ఇప్పుడు తను ఒట్టు పెట్టినా, గుండెలు బాదుకున్నా, ఈ మనిషికి అది రోగమే. ఇంత దగ్గరగా, కంతలోంచి, మొహం కనిపిస్తుండగా చెప్పే మాటకు విలువ లేదు. మొహం లేని గొంతుకే విలువ. ఆ సంగతి అతనికి తెలుసు. అంతకంటే ముందునుంచీ తనకు తెలుసు.

మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. ఏదో బస్సు గురించి అనుకుని కంట్రోలరు పెన్ను తీశాడు.

“దయచేసి వినండి. ఏటవతలి బస్సులో వచ్చిన ఎర్ర శాలువా అమ్మగారికి మనవి. మీ సంచి ఎవరికీ ఇవ్వకండి. ఫోనులో మీరు వింటున్న గొంతు నాదే, మాటలు నావి కావు. మీరంటే ప్రాణమని మొహం చూపించనివాడు చెబితే నమ్మకండి. నేను నమ్మాను, నా ఇంటి పైకప్పు పోయింది. మీ సంచి ఎవరికీ ఇవ్వకండి. నాక్కూడా ఇవ్వకండి.”

ఇన్నేళ్లలో మైకులో ఆమె గొంతు ఎత్తూ పల్లమూ ఎరగదు. ఇవాళ ప్రతి మాటా ఎక్కడో ఒకచోట విరిగింది, ఎవడూ ఏ మాటనూ కోసి దేని పక్కనా అతికించుకోలేనట్టు విరిగింది. కిటికీ దగ్గర ఎర్ర శాలువా ఆమెను చూడడం లేదు. తలెత్తి స్తంభం మీది స్పీకరునే చూస్తోంది. నవ్వు జారిపోయింది, కళ్లద్దాల వెనక ఏదో నెమ్మదిగా కూలుతోంది, చేతులు మాత్రం సంచిని గట్టిగా గుండెకు అదుముకున్నాయి. కంట్రోలరు పెన్ను కింద పెట్టాడు. ఒక్క మాట అడక్కుండా లేచి వెళ్లి గది తలుపు తీశాడు, లోపలికి రామ్మా అన్నాడు, ఆవిడ లోపలికొచ్చాక తలుపుకు గడియ వేశాడు, పోలీసులకు ఫోను తిప్పసాగాడు. బల్ల కింద ఖాళీ పక్కన, మర్చిపోయిన గొడుగుల మీద, ఇద్దరాడవాళ్ల కాళ్లూ ఒకదానికొకటి తగులుతూ సర్దుకున్నాయి.

మైకక్క ఫోను బల్ల మీద కదిలింది. వాయిస్ మెసేజీ. చెవి దగ్గర పెట్టుకుంది. కుండలో నీళ్లు వంచే గొంతు కాదు. అతుకు లేదు, పేరు లేదు. పడిశం పట్టిన, విసిగిపోయిన, ఎవడిదో మామూలు గొంతు. ఏయ్, ఏం కూస్తున్నావ్, మైకు కట్టెయ్, నీలం పట్టా కప్పిన ఇల్లేగా నీది, ముసలిది ఒక్కతే ఉంది కదూ లోపల. అంతే. మొదటిసారి ఒక మనిషి ఆమెతో, ఆమెతోనే మాట్లాడాడు. ఆ మాటల వెనక, వాన చప్పుడు వెనక, ఇంకో గొంతు వినబడింది, పలచగా, గోడలకు కొట్టుకుని తిరిగొచ్చినట్టు: నాక్కూడా ఇవ్వకండి. ఆ మాట ఆమె అని ఎంతోసేపు కాలేదు. స్పీకర్లు వినబడే చోట నిలబడే పంపాడు. ఇక్కడే ఉన్నాడు.

కంట్రోలరుకు పిన్ని ఉన్న ఇంటి గుర్తులు చెప్పింది, అక్కడికి కూడా ఎవరినైనా పంపమను అన్నది. తన గొంతు తనకే ఆశ్చర్యంగా నిలకడగా ఉంది. గాజు అవతల ప్లాట్‌ఫారాల నిండా జనం, సగంమంది చేతుల్లో ఫోన్లు, ప్రతివాడి వీపూ ఫోటోలోని వీపులాగే ఉంది. ఆమె మీట మళ్లీ నొక్కింది. నా గొంతు ఇన్ని ఇళ్లలో వినిపించావుగా, నీది ఒక్కసారి నేను వినిపిస్తాను అనుకుంది. ఫోనును మైకు మూతికి, చిరిగిన స్పాంజికి ఆనించి, ఆ మెసేజీ వదిలింది.

ఏయ్, ఏం కూస్తున్నావ్, అన్నాయి బస్టాండులోని స్పీకర్లన్నీ.

మూటల మీద కూర్చున్నవాళ్లు, టీ తాగుతున్నవాళ్లు, బస్సుల కిటికీల్లోంచి బయటికి వంగినవాళ్లు, అందరూ ఒక్కసారిగా తలలెత్తి స్పీకర్ల వైపు చూశారు. ఐదో ప్లాట్‌ఫారం స్తంభం పక్కన ఒక్కడు మాత్రం తలెత్తలేదు. ఫోను చేతిలో పట్టుకుని, గాజు గది వైపే, సూటిగా ఆమె వైపే చూస్తున్నాడు.